పెద్దవాళ్ళను చూసుకోవడానికి అర్హత ఏమిటి?

విశాఖపట్నంలో ఎనభై దాటిన ఒక పెద్దావిడ నోట్లోకి రక్తపోటు మాత్ర ఒకటి చేరేలోగా అది ఎన్ని చేతులు మారుతుందో చూడండి. రాసిన డాక్టరు పేరు వైద్యమండలి రిజిస్టరులో ఉండి తీరాలి. అమ్మే దుకాణంలో 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. తయారుచేసిన కంపెనీకి లైసెన్సు, గోదాముకు లైసెన్సు, చివరికి ఆ మాత్రను చుట్టిన రేకు మీద ఏం అచ్చువేయాలన్న దానికి కూడా నిబంధనలు ఉన్నాయి. ఇన్ని కట్టుబాట్లు దాటి వచ్చిన ఆ మాత్రను రోజూ పొద్దున్న నీళ్ళగ్లాసుతో పాటు పట్టుకొచ్చి, ఆవిడను లేపి కూర్చోబెట్టి, మింగించి, మింగిందో లేదో చూసే మనిషికి మాత్రం ఏ అర్హతా అక్కర్లేదు. ఆ మనిషి ఎవరైనా కావచ్చు. నిన్నటిదాకా పెళ్ళిళ్ళలో క్యాటరింగ్ పనికి వెళ్ళిన అమ్మాయి ఇవాళ "పేషెంట్ కేర్"గా మన ఇంటికి వస్తుంది, మనమూ తలుపు తీస్తాం.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వృద్ధుల సంరక్షణలో వృత్తి ప్రమాణాలు అనగానే మనం పెద్ద డాక్టర్ల గురించి, ఎం.డి. సీట్ల గురించి మాట్లాడుకుంటాం, అవీ కావలసినవే. కానీ ప్రమాణం మొదట కట్టవలసింది పైనుంచి కాదు, మంచం పక్కనుంచి. వృద్ధుల ఒంటి మీద చెయ్యి వేసే ప్రతి ఒక్కరికీ, వాళ్ళు ఆయా అయినా, నర్సు అయినా, ఫిజియోథెరపిస్టు అయినా, మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరు అయినా, తప్పనిసరిగా తెలిసి ఉండవలసిన కనీస విషయాలు కొన్ని ఉన్నాయి. అవి తెలుసునని ఎవరో ఒకరు కళ్ళతో చూసి ధ్రువీకరించాలి, ఆ ధ్రువీకరణకు ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండాలి.

మన ఊరికి ఈ ప్రశ్న తక్కినవాటికంటే ముందే ఎందుకు వచ్చిందో ఇక్కడ ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, నేవల్ డాక్‌యార్డు, ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆ తరువాత స్టీలు ప్లాంటు కలిసి ఒక పెద్ద నెలజీతాల తరాన్ని తయారుచేశాయి. స్టీలు ప్లాంటులో మొదటి బ్లాస్టు ఫర్నేసు 1990లో వెలిగింది. దానికి ముందు దశాబ్దంలో ఉద్యోగాల్లో చేరిన యువకుల్లో ఎక్కువమంది ఇప్పుడు విశ్రాంత ఉద్యోగులు. వాళ్ళు సీతమ్మధారలోనో, ఎం.వి.పి. కాలనీలోనో, గాజువాక, కూర్మన్నపాలెం వైపునో ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలను ఇంజనీర్లను చేశారు, ఆ పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, అట్లాంటిక్ అవతలికో వెళ్ళిపోయారు. దీన్ని నేను నేరంగా చెప్పడంలేదు, మనమే పంపించాం. ఇప్పుడు ఆ ఇళ్ళలో మిగిలిన ఇద్దరినో ఒక్కరినో చూసుకుంటున్నది ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుంచి, మన్యం నుంచి వచ్చిన ఆడవాళ్ళు. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల 38 లక్షలు, జనాభాలో 8.6 శాతం. ఆ లెక్క వచ్చి చాలా ఏళ్ళయింది. సంఖ్య ఎటు వెళ్ళిందో బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళను చూస్తే తెలుస్తూనే ఉంది, ఇక నడవలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్ళ సంగతి చూడటానికే మనకు రోడ్డు లేదు.

మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి మంచాన పడినప్పుడు మేమూ అందరిలాగే ఒక ఏజెన్సీకి ఫోను చేశాం. అడ్వాన్సు, కమిషను, నెలజీతం, భోజనం, రెండు వారాలకు ఒక సెలవు, అన్నీ ఫోనులోనే తేలిపోయాయి. "శిక్షణ పొందిన మనిషేనా?" అని అడిగితే, "నాలుగిళ్ళలో చేసిందండీ, మంచి పిల్ల" అన్నారు. మంచి పిల్లే, అందులో అబద్ధం లేదు. అత్తయ్యగారిని మామ్మ మామ్మ అంటూ జడ వేసేది, పాటలు పాడి వినిపించేది. అయితే ఆవిడకు జావ పట్టేటప్పుడు తలకింద దిండు ఒకటే పెట్టి దాదాపు వెల్లకిలా పడుకోబెట్టి పట్టేది. పక్షవాతం వచ్చినవాళ్ళకు మింగే కండరాలు కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు జావ అన్నవాహికలోకి కాక ఊపిరితిత్తుల దారిలోకి జారిపోతుంది. కొన్నిసార్లు దగ్గు కూడా రాదు. కొన్నాళ్ళకు ఆవిడకు న్యుమోనియా వచ్చింది. ఆసుపత్రినుంచి తిరిగొచ్చాక, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక గుటక దిగాకే రెండోది పెట్టాలనీ, తిన్న తరువాత అరగంటైనా పడుకోనివ్వకూడదనీ అక్కడి ఫిజియోథెరపిస్టు చెప్పినదంతా ఆ పిల్లకు చేసి చూపించాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకెవులూ సెప్పనేదమ్మా" అన్నది.

ఆమె అన్నది అక్షరాలా నిజం, ఎవరూ చెప్పలేదు. ఏజెన్సీ చెప్పలేదు, మొదటిసారి డిశ్చార్జి చేసిన ఆసుపత్రి కాగితాల్లో ఏడు రకాల మందులు ఉన్నాయి తప్ప ఎలా తినిపించాలో ఒక్క వాక్యం లేదు. చెప్పడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, ఒక పూట కూడా పట్టదు. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం ఇదే: జరుగుతున్న నష్టంలో చాలా భాగం ఎవరికీ తెలియని గొప్ప శాస్త్రం వల్ల కాదు, అందరికీ తెలిసి ఉండవలసిన చిన్న సంగతులు తెలియవలసిన మనిషికి చేరకపోవడం వల్ల.

ఆ చిన్న సంగతుల జాబితా నిజానికి అంత చిన్నదేమీ కాదు. కదలలేని మనిషిని ఇంచుమించు రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర చర్మం కమిలి పడకపుండ్లు పడతాయి. ఎర్రబడిన చోటును నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడుతోందా, అలాగే ఎర్రగా ఉండిపోతోందా అన్నది చూడటం వస్తే పుండు పడకముందే పట్టుకోవచ్చు. మంచం మీదనుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి లాగితే పెద్దవాళ్ళ భుజం జారుతుంది, లాగినవాళ్ళ నడుమూ పడిపోతుంది. మూత్రపు గొట్టం సంచిని మంచం ఎత్తుకు పైన పెట్టకూడదు. స్నానాల గదిలో తడి టైల్స్ మీద పడి తుంటి విరిగితే ఆ తరువాత ఏడాదిలోపు పోయేవాళ్ళు తక్కువమంది కారు. కాబట్టి గోడకు పట్టుకునే కడ్డీ బిగించమని యజమానికి చెప్పగల తెలివీ, చెప్పే ధైర్యమూ కూడా ఈ పనిలో నైపుణ్యమే.

వీటన్నిటికంటే పై మెట్టు నైపుణ్యం మరొకటుంది: మార్పును గమనించడం. పెద్దవాళ్ళలో జబ్బులు పాఠ్యపుస్తకంలో రాసినట్టు రావు. మూత్రంలో ఇన్‌ఫెక్షను వస్తే జ్వరమూ మంటా లేకుండా, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ హఠాత్తుగా తికమకపడటం, పగలంతా మగతగా ఉండి రాత్రంతా మంచం దిగిపోతానని పెనుగులాడటం, అదే లక్షణం కావచ్చు. గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగా రావచ్చు. మా వీధిలో పోర్టులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు అలాంటి తికమకే వచ్చింది. ఇంట్లోవాళ్ళు మతిమరుపు ముదిరిందనుకున్నారు, తీసుకెళ్ళిన ప్రైవేటు ఆసుపత్రిలో చేతులు మంచానికి కట్టి నిద్ర ఇంజక్షను ఇచ్చారు. డెలీరియం అనే ఈ స్థితికి కారణం వెతకాలి. రోగికి కళ్ళజోడు, వినికిడి యంత్రం తిరిగి తగిలించాలి. తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టాలి. కట్టివేయడం, మత్తు ఇవ్వడం దాన్ని తరచు ఇంకా పెంచుతాయి. ఆ ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు చదువుకోని వాళ్ళు కారు, అందరికీ డిగ్రీలు ఉన్నాయి. అందుకే నేను ప్రమాణం గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయాలను ఒక్కళ్ళనే బోనులో నిలబెట్టడానికి ఒప్పుకోను.

డాక్టర్ల సంగతికి వస్తే, ఒక లెక్క చేసి చూపిస్తాను. ఎనభై ఏళ్ళు, యాభై కిలోల బరువు ఉన్న ఆవిడకు రక్తపరీక్షలో, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ 1.0 వచ్చిందనుకుందాం. ల్యాబు కాగితం మీద అది నార్మలే. కానీ మందుల మోతాదు నిర్ణయించడానికి వైద్యులు వాడే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంలో వయసు, బరువు కూడా ఉంటాయి: 140 నుంచి వయసును తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించి, స్త్రీలకైతే 0.85తో గుణించాలి. అలా చేస్తే ఆవిడ మూత్రపిండాలు నిమిషానికి సుమారు 35 మిల్లీలీటర్లు మాత్రమే వడకడుతున్నాయని తేలుతుంది. అదే క్రియాటినిన్ ఉన్న ముప్పై ఏళ్ళ, అరవై కిలోల యువతికి అది 78 దాకా వస్తుంది. రెండు కాగితాల మీదా అంకె ఒకటే; కానీ పెద్దావిడకు అదే మోతాదులో మందు రాస్తే అది ఒంట్లో పేరుకుపోతుంది. ఈ కూడికలు తీసివేతలు చేయడానికి అర నిమిషం చాలు. వయసు మళ్ళినవారికి సాధ్యమైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితాను మార్క్ బీర్స్ అనే అమెరికన్ వైద్యుడు 1991లోనే తయారుచేశాడు, ఇప్పుడు దాన్ని అక్కడి వృద్ధుల వైద్యనిపుణుల సంఘమైన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ ఎప్పటికప్పుడు సవరిస్తోంది. ఆ జాబితాలో ఉన్న నిద్రమాత్రలు, పాతరకం అలర్జీ మాత్రలు మన ఊళ్ళో పెద్దవాళ్ళ మందులపెట్టెల్లో ఎన్ని ఉన్నాయో ఎవరి ఇంట్లో వాళ్ళు తెరిచి చూసుకోవచ్చు. చూసుకుని మీ అంతట మీరు మానేయకండి. కొన్నిటిని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. పట్టుకెళ్ళి డాక్టరును అడగండి.

ఎం.బి.బి.ఎస్. చదువులో పిల్లల వైద్యం ప్రత్యేక సబ్జెక్టు, దానికి ప్రత్యేక పరీక్ష ఉంటుంది. వృద్ధుల వైద్యం 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో జనరల్ మెడిసిన్ కింద ఒక అధ్యాయంగా చేరింది; అది చేరడం మంచిదే, కానీ అధ్యాయానికీ సబ్జెక్టుకూ విద్యార్థి ఇచ్చే విలువలో ఎంత తేడా ఉంటుందో పరీక్షలు రాసిన ప్రతివాళ్ళకూ తెలుసు. చిత్రమేమిటంటే ఆయుర్వేదం తన ఎనిమిది అంగాల్లో బాలచికిత్సకు ఒకటి ఇచ్చినట్టే జరకూ, అంటే ముసలితనానికీ, ఒకటి ఇచ్చింది. ఆ చికిత్సలు ఎంతవరకు పనిచేస్తాయన్నది వేరే చర్చ. ముసలితనం ప్రత్యేకంగా నేర్చుకోవలసిన విషయమన్న ఊహ మాత్రం మనకు పరాయిది కాదు.

ఆధునిక వైద్యంలో ఆ ఊహ ఆలస్యంగానే వచ్చింది. 1909లో న్యూయార్కులో ఇగ్నాజ్ నాషర్ దీన్ని ప్రత్యేక శాఖగా ప్రతిపాదించాడు. అది నిజంగా ఆచరణలోకి వచ్చింది మాత్రం 1935లో లండన్ శివార్లలోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో. అక్కడ మార్జొరీ వారెన్ అనే డాక్టరుకు, పక్కనే ఉన్న నిరుపేదల ఆశ్రమంలో ఏళ్ళ తరబడి మంచాలకు అంటుకుపోయిన 714 మంది రోగుల బాధ్యత అప్పగించారు. ఆవిడ కొత్త మందేదీ కనిపెట్టలేదు. ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించింది, వేర్వేరు జబ్బులవాళ్ళను వేరుచేసింది, వార్డు గోడలకు లేత రంగు వేయించింది, లేవగలిగినవాళ్ళను లేపి నడిపించింది. ఇక జీవితాంతం మంచమే అనుకున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సామాజిక కార్యకర్తలు డాక్టరుతో కలిసి ఒక జట్టుగా పనిచేయాలన్నది ఆవిడ అప్పట్లోనే పెట్టిన షరతు. మన దేశంలో 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ వృద్ధుల ఓ.పి. మొదలుపెట్టారు, 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.డి. కోర్సు వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ కోర్సు రావడానికి 2012 దాకా పట్టింది. 2010-11లో కేంద్రం వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం ప్రారంభించి, జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వార్డు, ప్రాంతీయ కేంద్రాల్లో ముప్పై పడకల విభాగం ఉండాలన్నది. కాగితం మీద ఆ నిర్మాణం బాగుంది. కానీ పడకలు లెక్కపెట్టినంత తేలికగా ఆ పడకల దగ్గర ఎవరు నిలబడతారో, వాళ్ళకు ఏం వచ్చి ఉండాలో లెక్కపెట్టలేం, అందుకని లెక్కపెట్టలేదు.

ఈ లోటులోకి ఇప్పుడు బోర్డులు వస్తున్నాయి. నాలుగు వారాంతాల ఆన్‌లైను తరగతులు విని "జీరియాట్రిక్ స్పెషలిస్ట్" అని పేరు పక్కన రాసుకునేవాళ్ళను నేను చూశాను. ఇగ్నో వైద్యుల కోసం వృద్ధుల వైద్యంలో పి.జి. డిప్లొమా నడుపుతోంది, ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ సమగ్ర వృద్ధ సంరక్షణలో ఏడాది డిప్లొమా ఇస్తోంది, నైపుణ్యాభివృద్ధి పథకాల కింద ఇంటి దగ్గర సంరక్షణ చేసేవారికి కోర్సులున్నాయి. ఇవన్నీ పనికివచ్చేవే. అయితే వీటిలో దేని అర్థమేమిటో రోగి కుటుంబానికి తెలిసే మార్గం లేదు. మూడేళ్ళు వార్డుల్లో గడిపి ఎం.డి. చేసినవారికీ, ఫీజు కట్టి సర్టిఫికెట్టు ముద్రించుకున్నవారికీ గోడమీద ఒకే సైజు అక్షరాలు. "వృద్ధ సంరక్షణ నిపుణులు" అన్న మాటను ఎవరు వాడవచ్చో చట్టం చెప్పాలి, తక్కినవాళ్ళు వాడితే జరిమానా వేయాలి. ఈ విషయంలో నేను కాస్త కరకుగానే ఉంటాను.

నిపుణుడినని చెప్పుకునే మనిషి దగ్గర నేనైతే రాతపరీక్ష మార్కులు అడగను. రోగిని కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగివచ్చి కూర్చోమని, దానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూస్తారా అని అడుగుతాను. పన్నెండు సెకన్లు దాటితే పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. ఇంత చవకైన పరీక్ష వైద్యంలో ఇంకొకటి ఉండదేమో. మందులపెట్టె మొత్తం బల్లమీద పోయించి ఒక్కొక్కటి ఎందుకు వాడుతున్నారో అడుగుతారా? స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, తిండి, ఈ పనుల్లో ఏవి సొంతంగా చేసుకోగలుగుతున్నారో వివరంగా రాస్తారా? జ్ఞాపకశక్తిని ఎలా పరీక్షిస్తారు? ఈ చివరిది మన దగ్గర మరీ ముఖ్యం. పాశ్చాత్యదేశాల్లో తయారైన పరీక్షల్లో వాక్యం చదవమనీ, రాయమనీ ఉంటుంది. బడి మొహం చూడని పెద్దావిడ వాటిలో తప్పితే అది మతిమరుపు కాదు. ఇవాళ ఏ నెల అంటే ఆవిడ ఆశ్వయుజం అంటుంది, అది సరైన జవాబే. హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని వారికోసం హిందీలో ఒక పరీక్షను 1990ల్లో రూపొందించారు. హైదరాబాదు నిమ్స్‌లో అల్లాడి సువర్ణ గారి బృందం అడెన్‌బ్రూక్స్ అనే జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగువారికి తగినట్టు మలిచింది. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయస్థాయి అంచనా చెబుతోంది. అంతమందిని గుర్తించవలసినవాళ్ళు మన ఉత్తరాంధ్ర యాసలో, మన నెలల పేర్లతో, మన పండుగలతో అడగడం నేర్చుకుని ఉండాలి. ఇదంతా సరిగ్గా చేస్తే ఒక్కో రోగికి గంట పడుతుంది. మన ఓ.పి.ల్లో టోకెనుకు దక్కేది ఐదు నిమిషాలు. శిక్షణ ఇచ్చి సమయం ఇవ్వకపోతే శిక్షణ వృథా అవుతుందన్న సంగతిని ప్రమాణాలు రాసేవాళ్ళు ముందుగానే గుర్తించాలి.

ఈ మాటలు మా అపార్ట్‌మెంటు సమావేశంలో అన్నప్పుడు నాకు ఎదురైన వాదన ఒకటుంది: పెద్దవాళ్ళను చూసుకోవడానికి కోర్సులెందుకండీ, సేవాభావం ఉంటే చాలు, మన అమ్మలు ఏ కోర్సు చేసి అత్తమామలను చూసుకున్నారు? దీనికి నా జవాబు కొంచెం కటువుగా ఉంటుంది. మన అమ్మలు చూసుకున్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది పక్షవాతం వచ్చాక పదేళ్ళు బతకలేదు, ముక్కులో గొట్టంతోనో మూత్రపు సంచితోనో ఇంటికి రాలేదు, పదమూడు మందులు వాడలేదు. ఇప్పుడు ఆసుపత్రి సగం పని ఇంటికి వచ్చేసింది. పైగా ఆ చాకిరీ అమ్మల నడుములను ఏం చేసిందో, వాళ్ళను ఎవరూ అడగలేదు. సేవాభావం గొప్పదే, కానీ దాన్ని మనం ఎప్పుడు ఎత్తుకుంటామో గమనించండి: జీతం పెంచమన్నప్పుడు, వారానికి సెలవు అడిగినప్పుడు, శిక్షణకు ఖర్చవుతుందన్నప్పుడు. సర్జన్ దగ్గరికి వెళ్ళి మీకు సేవాభావం ఉందా అని అడిగి ఆపరేషను బల్ల ఎక్కం.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని నేను తేలిగ్గా తోసిపుచ్చలేను. లైసెన్సు తప్పనిసరి చేస్తే చదువు తక్కువైన ఆడవాళ్ళకు ఉన్న ఒక్క జీవనాధారమూ పోతుంది, సర్టిఫికెట్టు పేరుతో మరో దళారీ పుడతాడు, మధ్యతరగతి ఇళ్ళకు జీతాలు అందని ఎత్తుకు పోతాయి, చివరికి పెద్దవాళ్ళకు ఎవరూ దొరకరు. ఇందులో ప్రతి భయమూ సహేతుకమే. అందుకే ప్రమాణం అంటే పదో తరగతి పాసు కావడం అని నేను అనడంలేదు. అమెరికాలో వృద్ధాశ్రమాల దుస్థితి బయటపడ్డాక 1987లో చేసిన చట్టం, అక్కడ పనిచేసే సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలన్నది, అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్చుకునేవి. ప్రతి రాష్ట్రం వాళ్ళ పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలన్నది. ఎవరైనా రోగిని హింసించినట్టు తేలితే అది అందులో చేరుతుంది, మరో చోట చేరబోతే కనిపిస్తుంది. అదే ఏడాది జపాన్ సంరక్షకులకు జాతీయస్థాయి అర్హతను చట్టంలోకి తెచ్చింది, 2000లో దీర్ఘకాలిక సంరక్షణ బీమా తెచ్చి ఆ జీతాలకు డబ్బు ఎక్కడనుంచి వస్తుందో కూడా చూపించింది. ఇంగ్లండు 2015లో పదిహేను అంశాలతో కేర్ సర్టిఫికెట్ పెట్టింది. దాన్ని పనిచేసే చోటే చూసి, చేయించి ఇస్తారు. ఈ మూడింట్లో జపాన్ దారి నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది. అర్హత అడిగినవాళ్ళు ఖర్చు సంగతి కూడా మాట్లాడారు.

మన చట్టాలు ఇంకా అంతదూరం రాలేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రధానంగా పిల్లలనుంచి పోషణ ఇప్పించడం గురించి. ఇంటి దగ్గర సంరక్షణ అందించే సంస్థలను రిజిస్టరు చేయాలనీ, వాటికి ప్రమాణాలుండాలనీ 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఉంది. అది చట్టం కాకుండానే ఆ సభ కాలం ముగిసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టుల వంటి వారికి చాలాకాలంగా లేని చట్టబద్ధ గుర్తింపును ఇచ్చింది, అది నిజమైన ముందడుగే. 2024 అక్టోబరులో డెబ్బై దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఐదు లక్షల వరకు చికిత్స ఇస్తామన్నారు. అది ఆసుపత్రి పడక ఖర్చు. తుంటి ఆపరేషనుకు డబ్బు వస్తుంది, ఆపరేషను తరువాత మూడు నెలలు రోజూ లేపి నడిపించే మనిషికి రాదు. నడిపించకపోతే ఆపరేషను చేసి ఏం లాభం?

ఢిల్లీలో చట్టం వచ్చేదాకా విశాఖపట్నం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇక్కడ నూరేళ్ళు దాటిన ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది, దానికి కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, నర్సింగు కాలేజీలున్నాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. ఇన్ని ఒకచోట ఉన్న ఊళ్ళు తెలుగునాట ఎక్కువ లేవు. ఇప్పటికే ఇళ్ళల్లో పనిచేస్తున్న ఆయాలను విడతలవారీగా పిలిచి, తెలుగులో, బొమ్మలతో, ఎక్కువ భాగం చేతులతో చేయించే శిక్షణ రెండు మూడు వారాలు ఇవ్వడం వీటికి అసాధ్యమేమీ కాదు. పరీక్ష రాతలో ఉండకూడదు. మంచం మీద మనిషిని తిప్పి చూపించాలి, కూర్చోబెట్టి తినిపించి చూపించాలి, తికమకపడుతున్న రోగితో మాట్లాడి చూపించాలి, ఎప్పుడు డాక్టరుకు ఫోను చేయాలో చెప్పాలి. ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు శిక్షణ లేకుండానే నేరుగా ఆ పరీక్షకు రావచ్చు. వాళ్ళలో కొందరికి తెలిసినంత మన నర్సింగు ట్యూటర్లకు కూడా తెలియదని నా అనుమానం. నెగ్గినవారికి ఫొటోతో ఒక కార్డు, నగరపాలక సంస్థ దగ్గర ఒక రిజిస్టరు. ఆ రిజిస్టరులో ఏజెన్సీల పేర్లూ ఉండాలి, పంపిన మనిషికి జరిగిన అన్యాయానికీ ఆమె చేసిన పొరపాటుకూ రెంటికీ ఏజెన్సీ జవాబు చెప్పాలి. తాళంవేసిన ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఒంటరిగా పనిచేసే ఆడమనిషికి కూడా రక్షణ కావాలి. అది లేని ప్రమాణాన్ని నేను ప్రమాణం అనను.

ఇక శిక్షణ కాలంలో వాళ్ళ కూలి సంగతి. మూడు వారాలు పని మానేసి తరగతికి రమ్మంటే ఎవరూ రారు, రాకూడదు కూడా. ఆ మూడు వారాల జీతం ఎవరో ఒకరు ఇవ్వాలి. పెద్ద సంస్థలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సి.ఎస్.ఆర్. నిధులు ఈ ఊళ్ళో పార్కులకూ బస్ షెల్టర్లకూ వెళ్తున్నాయి. పోర్టు, రిఫైనరీ తమ విశ్రాంత ఉద్యోగుల ఇళ్ళల్లో పనిచేస్తున్నవారి చదువుకు కొంత పెట్టవచ్చు. పెన్షనర్ల సంఘాలు నెలకు వంద రూపాయలు వేసుకోవచ్చు. మా అపార్ట్‌మెంటులో నేను పెట్టిన ప్రతిపాదన ఇంకా చిన్నది: పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళవాళ్ళం కలిసి ఒక నర్సును నెలకు రెండుసార్లు పిలిపించి, మా ఆయాలందరికీ కింద హాల్లో రెండు గంటలు నేర్పించడం, ఆ రెండు గంటలకు జీతం కోయకపోవడం. జీతం కోయకూడదన్న షరతు దగ్గరే చర్చ ఎక్కువసేపు నడిచింది. నర్సు ఫీజుకు అందరూ ఒప్పుకున్నారు.